చదును చేసిన మంచు, చేయని మంచు: సందేహాలు - సమాధానాలు

డిసెంబరు వచ్చిందంటే నాకు మంచు గురించిన ఉత్తరాలు మొదలవుతాయి. పిల్లలు డెన్వర్‌లోనో సాల్ట్ లేక్ సిటీలోనో ఉంటారు, కొత్త దంపతులు గుల్మార్గ్‌కి టికెట్లు తీసుకుని ఉంటారు, ఇక్కడ రాజమహేంద్రవరంలో అమ్మానాన్నలకు నిద్ర పట్టదు. ఈసారి ఎక్కువమంది అడిగింది ఒకటే: యంత్రంతో చదును చేసిన వాలు మీద జారడం మేలా, చేయని మంచులోకి వెళ్తే ప్రమాదమా? అందుకే ఈ సంచికలో జవాబులన్నీ దాని మీదే.

మా అబ్బాయి డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. శని, ఆదివారాలు స్కీయింగ్‌కి వెళ్తాడు. మొన్న ఫోన్లో "ఈసారి గ్రూమ్డ్ రన్స్ కాదమ్మా, పౌడర్‌లోకి వెళ్తున్నాం" అన్నాడు. అదేమిటో తెలుసుకుందామని వీడియోలు చూస్తే, మంచుచరియలు విరిగి మనుషుల మీద పడుతున్నవి కనిపించాయి. అప్పటినుంచీ అన్నం సయించడం లేదు. వాణ్ణి ఆపమంటారా?
- ఒక తల్లి, దానవాయిపేట, రాజమహేంద్రవరం

ముందు స్థిమితపడండమ్మా. మీ అబ్బాయి చెప్పింది వింత సంగతేమీ కాదు. స్కీ రిసార్టుల్లో రాత్రిపూట స్నో క్యాట్ అనే పెద్ద బండ్లు వాలంతా తిరిగి, మంచును కోసి, కలిపి, నొక్కి, సన్నటి గీతలతో చదునుగా వదులుతాయి. దీన్నే గ్రూమింగ్ అంటారు. అలా తొక్కకుండా, పడ్డది పడ్డట్టు వదిలేసిన తేలికైన కొత్త మంచు పౌడర్. ఎండాకాలంలో గోదావరి ఇసుక తిన్నెల మీద నడిచిన కాలికి ఈ తేడా తెలుసు. నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక మీద అడుగు నిలుస్తుంది, తిన్నె నడుమ పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్కలు లాగుతాయి. పౌడర్‌లోనూ శ్రమ ఎక్కువ, పడటం ఎక్కువ. కానీ పడ్డప్పుడు దెబ్బ తక్కువ.

మీరు చూసినలాంటి ప్రమాదాలు ఎక్కువగా జరిగేది రిసార్టు హద్దు దాటిన కొండల్లో. అమెరికాలో హద్దు లోపలి వాలులను తెల్లవారుజామునే స్కీ గస్తీ సిబ్బంది పరీక్షిస్తారు. విరిగేలా ఉన్న మంచును పేలుడు పదార్థాలతో ముందే దింపేసి, ఆ తర్వాతే జనాన్ని వదులుతారు. దాంతో ప్రమాదం పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది. అబ్బాయిని ఆపకండి. "హద్దు తాడు లోపలే ఉంటారా? తోడెవరు?" అని మాత్రం అడగండి. తాడు దాటి వెళ్తున్నాం అన్నాడా, అప్పుడు మీ ఆందోళన న్యాయమైనదే. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఆ రోజుకి ఇచ్చిన ప్రమాద స్థాయి చూశాడో లేదో, వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా జాడ తెలిపే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్, తవ్వే పార ఉన్నాయో లేదో నిలదీయండి. చరియ కింద చిక్కుకున్న మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే కీలకం, బయటి సహాయం వచ్చేలోగా పక్కనున్నవాళ్లే తవ్వి తీయాలి.

పెళ్లయి సాల్ట్ లేక్ సిటీ వచ్చాను. కష్టపడి స్కీయింగ్ నేర్చుకున్నాను. నాకు పొద్దున్నే చదునుగా ఉన్న వాలు మీద జారడమంటేనే ఇష్టం. మావారు, ఆయన స్నేహితులు మాత్రం "అది చిన్నపిల్లల ఆట, అసలు స్కీయింగ్ పౌడర్‌లోనే" అంటారు. వాళ్లతో వెళ్తే నాకు గుండె దడ. నేను పిరికిదాన్నా? నాలో ఏదైనా లోపం ఉందా?
- భీమవరం అమ్మాయి

మీలో ఏ లోపమూ లేదమ్మా, పిరికితనం అంతకన్నా లేదు. చదును వాలు మీద ఆనందం ఒక తీరు. స్కీ అంచు మంచును కోసుకుంటూ పోతుంది, వెనక్కి తిరిగి చూస్తే రెండు సన్నని గీతలు తప్ప మరేమీ ఉండవు, ప్రతి మలుపూ మీరు అనుకున్నట్టే వస్తుంది. పౌడర్‌లో ఆనందం ఇంకో తీరు. అక్కడ అంచుకు పని తక్కువ, శరీరం తేలుతుంది, చప్పుడు ఉండదు, ఏ రెండు మలుపులూ ఒకేలా ఉండవు. కచ్చితత్వం ఇష్టపడేవాళ్లు మొదటిదాన్ని, అనుకోనిది ఎదురైతే సంతోషించేవాళ్లు రెండోదాన్ని కోరుకుంటారు. ఏడాదికి నాలుగైదు రోజులే కొండకు వెళ్లగలిగేవాళ్లకూ, చూపు లేదా మోకాళ్లు కాస్త మందగించినవాళ్లకూ చదును వాలే హాయి. ఒలింపిక్స్‌లో పోటీపడే ఆల్పైన్ రేసర్లు ఏళ్ల తరబడి సాధన చేసేది కూడా గట్టిగా చదును చేసిన మంచు మీదే. దాన్ని చిన్నపిల్లల ఆట అనడం తెలియనితనం, నేను ఆ మాటను ఎక్కడ విన్నా ఖండిస్తాను.

మీరుంటున్న సాల్ట్ లేక్ సిటీ నుంచి గంట ప్రయాణంలోపే దీనికి రుజువు ఉంది. డీర్ వ్యాలీ అనే స్కీ రిసార్టు 1981లో మొదలైంది, చదును వాలులకే పేరు. అక్కడికి రాత్రంతా మంచు ఎంత నున్నగా దువ్వారో చూడటానికే వచ్చేవాళ్లున్నారు. ఆల్టా అనే ఇంకో రిసార్టులో లిఫ్ట్ 1939 నాటిది, దాని పేరంతా లోతైన పౌడర్ వల్లే. రెండు చోట్లా స్నోబోర్డులకు అనుమతి లేదు, రెండిటికీ ప్రాణం పెట్టే అభిమానులున్నారు. దేశానికి ఆ చివర వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ అనే కొండ ఉంది. 1995లో స్కీయర్లే కలిసి సహకార సంఘంగా దాన్ని కొనుక్కున్నారు, మంచును వీలైనంత తక్కువగా చదును చేయడం అక్కడి ఆనవాయితీ. ఒక కొండకు ఉన్న ఇష్టం ఇంకో కొండకు లేదు, మనుషులూ అంతే.

మీవారితో గొడవ పడాల్సిన పని లేదు. ఒకే లిఫ్ట్ ఎక్కండి, పైన విడిపోండి, కింద ఫలానా చోట ఫలానా వేళకు కలుద్దామని చెప్పుకోండి. గుండె దడ మీకు చేతకాని వాలు పైన నిలబడ్డప్పుడు వస్తే అది సహజం, మీ మనసు సరైన మాటే చెబుతోంది. ఆ మాట కాదని ఎవరైనా లాక్కెళ్తుంటే మాత్రం అక్కడే ఆగిపోండి. గస్తీ వాళ్లను పిలిచి సులువైన దారి చూపించమని అడగడంలో చిన్నతనం లేదు.

మాది మాధవరం. మామగారు, ఆయన తండ్రి కూడా మిలటరీలో చేసినవాళ్లే. మావారికి ఈ చలికాలం గుల్మార్గ్‌లో మంచు మీద శిక్షణ వేశారు. వాళ్లకు చదును చేసిన దారులు ఉండవట కదా. భయమేస్తోందంటే "మిలటరీ ఇంటి కోడలివి, నువ్వే అలా అంటే ఎలా" అంటున్నారు.
- ఒక సోదరి, తాడేపల్లిగూడెం మండలం

భయపడటం మీ తప్పు కాదమ్మా. ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు మీది, ఆ భయం ప్రతి గడపకూ తెలుసు, పైకి చెప్పరంతే. గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ 1948లో స్కీ స్కూల్‌గానే మొదలైంది, అంటే మంచు మీద మనిషికి నేర్పడంలో దానికి ఏడు దశాబ్దాలకు పైబడిన అనుభవం ఉంది. సరిహద్దులో ఎవరూ మంచు చదును చేసి పెట్టరు గనుక, గట్టిమంచు, పెళుసుమంచు, మోకాలి లోతు మంచు అన్నీ సైనికుడికి అలవాటు కావాలి. రోజుల తరబడి ఫోన్ రాకపోవడం అక్కడ మామూలు సంగతి, దాన్ని చెడ్డ కబురుగా తీసుకోకండి. మాట్లాడినప్పుడు తగ్గని తలనొప్పి, కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉన్నాయంటే మాత్రం దాచకుండా వెంటనే యూనిట్ డాక్టర్‌కి చెప్పమనండి. ఆ ఆయాసం, దగ్గు ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నప్పుడు కనిపించే లక్షణాలు.

కొత్తగా పెళ్లయింది. ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాం. ఇద్దరం మంచును ఇంతవరకూ చూడలేదు. "గొండోలాలో పైదాకా తీసుకెళ్లి స్కీలు కట్టి దింపుతాం" అని ఒకరు ప్యాకేజీ చెప్పారు. ఒప్పుకోవచ్చా?
- కాకినాడ దంపతులు

హాయిగా వెళ్లిరండి, కానీ ఆ ప్యాకేజీకి ఒప్పుకోకండి. గుల్మార్గ్ ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. 1998లో వచ్చిన మొదటి దశ గొండోలా (రోప్‌వే) కొంగ్‌డూరి దాకా, 2005లో వచ్చిన రెండో దశ అఫర్వాట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పై వాలులు ప్రపంచమంతటి నుంచీ పౌడర్ కోసం వచ్చే ఆరితేరినవాళ్లవి. అక్కడ చాలా మేర చదును చేసిన బాట ఉండదు, చరియలు విరుగుతాయి. 2023, 2024 ఫిబ్రవరి నెలల్లో అక్కడ మంచుచరియల కింద పడి చనిపోయిన విదేశీయులు స్కీయింగ్ రానివాళ్లేమీ కాదు.

మీలాంటివాళ్ల కోసం ఊరి పక్కనే మెత్తని చిన్న వాలులున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారు. రెండు మూడు రోజులు అక్కడే పడుతూ లేస్తూ నేర్చుకోండి. అఫర్వాట్ చూడాలనుంటే గొండోలాలో ఎక్కి, గొండోలాలోనే దిగండి. సముద్రమట్టం నుంచి వెళ్తున్నారు కాబట్టి మొదటి రోజు కాస్త తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ రోజు విశ్రాంతి తీసుకుని నీళ్లు బాగా తాగండి. వాంతులు, తూలుడు, మాట తడబాటు కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా కిందికి దిగిపోవాలి.

మావారు దుబాయ్‌లో ఉంటారు. సెలవులకు మేం వెళ్తే ఎనిమిదేళ్ల బాబుకి స్కీ దుబాయ్‌లో నేర్పిస్తానంటున్నారు. అంత చలిలో నిమ్ము చేస్తుందేమోనని నా భయం.
- నరసాపురం నుంచి

చలిగాలి ఒక్కటే నిమ్ము తెచ్చిపెట్టదమ్మా, అది సూక్ష్మక్రిముల వల్ల వచ్చేది. 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయ్ లోపల చలి సున్నాకు కాస్త దిగువన ఉంటుంది, అద్దె కోటు, చేతి తొడుగులు వేస్తే చాలు. మంచంతా యంత్రంతో చేసి చదును చేసిందే, అన్నిటికన్నా పొడవైన వాలు 400 మీటర్లు, కాబట్టి మొదటి పాఠానికి అది మంచి చోటు. బయటికి రాగానే తడిసిన మేజోళ్లు మార్చండి. బాబుకి ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, ఈల లాంటి శబ్దంతో ఊపిరి తీస్తే ఆట ఆపించాలి.

వ్యాంకూవర్‌లో చదువుతున్నాను. చదును వాలు మీద ధైర్యంగా జారతాను. కిందటి వారం విస్లర్‌లో మొదటిసారి లోతు మంచులోకి వెళ్తే నాలుగు మలుపులకే పడ్డాను. ఒక స్కీ మంచులో మాయమైంది, లేవబోతే చెయ్యి భుజందాకా దిగబడింది. ఊపిరాడక ఏడుపొచ్చింది. ఇంతకుముందు నేర్చుకున్నదంతా వృథాయేనా?
- రావులపాలెం కుర్రాడు

వృథా కాదు బాబూ. పౌడర్‌లో తొలిరోజు అందరూ మళ్లీ మొదటి తరగతిలో కూర్చోవాల్సిందే. కర్రలు రెండూ మంచు మీద అడ్డంగా, గుణకారం గుర్తులా పరచి, వాటి మీద అరచెయ్యి ఆనించి లేవండి, చెయ్యి దిగబడదు. పోయిన స్కీ చాలాసార్లు మీరు పడ్డచోటుకు కాస్త ఎగువనే ఉంటుంది, కర్రతో వరసగా గుచ్చుకుంటూ వెతకండి. చదును మంచు మీద బరువంతా బయటి కాలి మీద వేసి అలవాటు పడ్డారు, ఇక్కడ రెండు కాళ్ల మీదా సమానంగా వేయాలి, వెనక్కి వాలకూడదు.

మీరు నిజంగా భయపడాల్సింది చెట్ల దగ్గర. లోతు మంచు పడ్డప్పుడు దేవదారు, ఫర్ లాంటి చెట్ల కొమ్మల కింద మంచు నిండక, మొదలు చుట్టూ బయటికి కనిపించని గొయ్యి మిగిలిపోతుంది. దాన్ని ట్రీ వెల్ అంటారు. తలకిందులుగా అందులో పడ్డ మనిషి తనంతట తాను బయటపడటం చాలా కష్టం, అది రిసార్టు హద్దు లోపల కూడా జరుగుతుంది. చెట్ల మధ్యకి ఒంటరిగా వెళ్లకండి. తోడుతో వెళ్లినా ఒకరికొకరు కనబడేంత దూరంలో ఉండండి, ఈల మెడలో వేసుకోండి. పడుతున్నానని తెలియగానే కొమ్మనో మానునో పట్టుకోండి, తల పైకి ఉండేలా చూసుకోండి.

నాకు 58 ఏళ్లు, మోకాళ్లు అప్పుడప్పుడూ నొప్పి చేస్తాయి. సియాటెల్‌లో మా అమ్మాయి నేర్చుకోమంటోంది. మెత్తని మంచు మోకాళ్లకు మంచిదని అల్లుడుగారు అంటున్నారు. నిజమేనా?
- పాలకొల్లు

అల్లుడుగారు అభిమానంతో అన్నమాటే గానీ, మీకది వర్తించదండి. సియాటెల్ కొండల మీద పడేది తరచూ తడి మంచు, బరువైనది. అక్కడివాళ్లే దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. అందులో స్కీ చిక్కుకుని శరీరం ముందుకు తిరిగితే మెలి పడేది మోకాలే. ఆకుపచ్చ గుర్తున్న, చదును చేసిన తక్కువ వాలు మీద గంట, గంటన్నర చాలు. మర్నాడు తొడలు పట్టేయడం మామూలే. పడ్డప్పుడు మోకాల్లో టప్‌మని శబ్దం వినిపించినా, కొన్ని గంటల్లో వాచినా, బరువు వేస్తే కాలు జారిపోతున్నట్టున్నా నడవకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నేను న్యూజెర్సీలో ఉంటాను. పొద్దున బ్రహ్మాండంగా జారిన వాలు మీదే మధ్యాహ్నం మూడుసార్లు పడ్డాను. నాకేమైనా అయిందా, లేక మంచే మారిందా?
- కొవ్వూరు

మంచే మారింది, మీరు కాదు. రాత్రి బండి తొక్కిన మంచురేణువులు కొన్ని గంటల్లో ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి, అందుకే ఉదయం పట్టు దొరుకుతుంది. వందలమంది గీకేసరికి పై పొర కుప్పలుగా ఓ పక్కకి పోయి అడుగున గాజుమంచు తేలుతుంది. తూర్పు తీరంలో యంత్రాలతో తయారుచేసిన మంచు ఎక్కువ, పగలు కరిగి సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టడం వల్ల ఇంకా గట్టిగా ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం అంచుల్లో మెత్తగా ఉన్నచోట జారండి. ఇంకో మాట: చదును వాలు మీద అసలు ప్రమాదం వేగం, గుద్దుకోవడం. మీకు ముందున్నవాళ్లదే దారి, తప్పించుకోవాల్సిన బాధ్యత వెనకవాళ్లదే. కాళ్లు అలసి పడటం ఎక్కువైతే ఆ రోజుకి చాలించండి.

మా తమ్ముడు, వాడి స్నేహితులు రాత్రి లిఫ్టులు ఆగాక, ఖాళీగా ఉన్న చదును వాలు మీద అట్టముక్కల మీద కూర్చుని జారుతున్న వీడియో పంపాడు. సరదాయే అంటున్నాడు.
- మోరంపూడి

ఇన్ని ఉత్తరాల్లో నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదేనమ్మా. ఆ వేళకే బండ్లు వాలు మీద పనిచేస్తుంటాయి. నిటారు వాలుల్లో బండిని పైనున్న కొక్కేనికి ఉక్కు తాడుతో కడతారు, అది వందల మీటర్ల పొడవు సాగి, ఉన్నట్టుండి బిగుసుకుంటుంది, చీకట్లో కంటికి కనిపించదు. దానికి తగిలితే బతకడం కష్టం. ఈ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి ఈ మాట చెప్పండి. వెలుగున్న వేళ, జారుడు ఆటకే విడిగా కట్టిన ట్యూబింగ్ వాలులు చాలా రిసార్టుల్లో ఉంటాయి, అక్కడికి వెళ్లమనండి.

అద్దె షాపులో నా బరువు అడిగారు. వెనక అందరూ నిలబడి ఉంటే సిగ్గేసి పది కిలోలు తగ్గించి చెప్పాను. తర్వాత రోజంతా స్కీలు ఊడిపోతూనే ఉన్నాయి.
- తణుకు అమ్మాయి, ప్రస్తుతం బోస్టన్

సిగ్గుపడటం సహజమే, ఏమీ అనుకోకండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి వదలాలో మీ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, మీరు జారే తీరు చూసి లెక్కకడతారు. బరువు తక్కువ చెబితే మీకైనట్టే ఉత్తపుణ్యానికి ఊడుతుంది. నేర్పు ఎక్కువ చెబితే అసలు ఊడాల్సినప్పుడు ఊడక మోకాలు దెబ్బతింటుంది, అదే పెద్ద ప్రమాదం. ఈసారి కాగితం మీద రాసివ్వండి. చదును వాలుకే వెళ్తుంటే నడుమ భాగం 70 నుంచి 85 మిల్లీమీటర్ల వెడల్పున్న స్కీలు అడగండి, పౌడర్‌కైతే 95కి పైబడినవి తేలికగా తేలుస్తాయి.

రంగు గుర్తులు చూసి వెళ్తే చాలదా? నీలం అంటే చదునుగా ఉంటుందనేగా?
- ధవళేశ్వరం

కాదండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల వజ్రం ఆ కొండ మీద కష్టం ఎంతో చెబుతాయి, ఆ రోజు చదును చేశారో లేదో చెప్పవు. రాత్రి ఏ వాలులు తొక్కారో పొద్దున్నే లిఫ్ట్ దగ్గర బోర్డు మీదా, రిసార్టు యాప్‌లోనూ పెడతారు, అది చూసుకుని బయల్దేరండి. యూరప్ వెళ్తే ఇంకా జాగ్రత్త. అక్కడ గుర్తు కర్రల మధ్య ఉన్న బాటకే రక్షణ, కర్ర దాటి రెండడుగులు పక్కకేస్తే అది కాపలా లేని కొండ కిందే లెక్క.

నాకు 71 ఏళ్లు. మనవరాలు కొలరాడో రమ్మంది. నేను జారను, మంచు చూడాలని మాత్రం ఉంది. దారిలో ఎవరికైనా అడ్డమై పడతానేమోనని, గుండె తట్టుకోదేమోనని వెనకాడుతున్నాను.
- ఇన్నీసుపేట, రాజమహేంద్రవరం

తప్పకుండా వెళ్లండమ్మా. చదును చేసి ఉంది కదా అని స్కీ వాలు మీద నడవకండి, పైనుంచి వచ్చేవాళ్లకు మీరు చివరిదాకా కనబడరు. నడవడానికి వేరే బాటలుంటాయి, గట్టి పట్టున్న బూట్లు వేసుకుంటే చాలు. డెన్వర్‌లో ఒకటి రెండు రోజులు ఉండి, అక్కడి ఎత్తు అలవాటయ్యాకే కొండకు వెళ్లండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే టికెట్ తీయకముందే మీ డాక్టరుకి చెప్పండి. గొండోలా ఉన్న చాలా రిసార్టుల్లో స్కీలు లేనివాళ్లకు రానూ పోనూ టికెట్ విడిగా ఇస్తారు, మనవరాలితో ముందే ఆ టికెట్ అడిగించండి.